నాయన జరిపిన చుక్క

రెండేళ్ల కిందట నేను పనిచేసే కంప్యూటర్ సెంటరుకు ఒక కాంట్రాక్టు వచ్చింది. అనంతపురంలో బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఆ సెంటర్లో నేను చాలా ఏళ్లుగా టైపు చేస్తున్నాను. పరీక్ష ఫారాలు, రేషన్ జాబితాలు, ఏది తెచ్చి ముందు పెడితే అది కొట్టి ఇస్తాను. ఈసారి గోతాల్లో వచ్చినవి వాన పుస్తకాలు.

దేశం మొత్తానికి వానల వివరాలు చూసే ఒక కేంద్ర సంస్థ, వాన ఎప్పుడొస్తుందో ముందే చెప్పే ఏఐ యంత్రాన్ని తయారు చేస్తోందని మాకు చెప్పారు. ఆ యంత్రం నేర్చుకోవడానికి పాత కొలతలు కావాలి. పాతవంటే మనిషి చేత్తో కొలిచి చేత్తో రాసినవి. ప్రతి మండలాఫీసు ఆవరణలో ఒక వాన డబ్బా ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దాంట్లో పడిన నీళ్లను గీతలున్న గాజు గొట్టంలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి పుస్తకంలో రాసేవాళ్లు. ఆ పుస్తకాల్లోని అంకెలన్నీ మేము కంప్యూటర్లోకి ఎక్కించాలి.

పని మొదలయ్యే ముందు ఆ సంస్థ నుంచి ఒక సైంటిస్టు వచ్చి రెండు రోజులు శిక్షణ ఇచ్చింది. దిల్లీలో ఉద్యోగం, సొంతూరు గుంటూరు వైపు. ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను మొదటి గంటలోనే అక్కా అని పిలిచింది. ఆమె చేతిలో ఒక నిబంధనల పుస్తకం ఉండేది. అంకె సరిగా కనిపించకపోతే ఊహించి కొట్టకూడదు. కొట్టివేత ఉంటే గుర్తు పెట్టాలి. పేజీ చిరిగితే ఫొటో తీసి పంపాలి. ఇలా చాలా ఉన్నాయి. నేను ఒక్క ప్రశ్న అడిగాను.

"మేడమ్, అంకె పక్కన ఇంకో గడి ఉంది కదా, వివరం అని. దాంట్లో తెలుగులో ఏవేవో రాసుంటారు. అవి ఎక్కడ ఎక్కించాలి?"

"అవి వద్దక్కా. ఫార్మాట్‌లో ఆ గడి లేదు. అంకెలు చాలు" అంది.

నాకెందుకు ఆ ప్రశ్న వచ్చిందంటే, ఆ గడి నిండా రాసే మనిషి నాకు తెలుసు. మా నాయనే.

మా నాయన అనంతపురానికి ఉత్తరంగా ఉన్న ఒక మండలాఫీసులో అటెండరు. ఫైళ్లు మోయడం, టీ తేవడం, జెండా కట్టడం, సాయంత్రం తలుపులు మూయడం ఆయన పనులు. వాన కొలిచే పని కూడా ఆయనకే అంటగట్టారు, అంత పొద్దున్నే ఇంకెవరూ రారు కాబట్టి. చదివింది ఎనిమిదో తరగతి. అంటగట్టిన ఆ పనే ఆయనకు ప్రాణమైంది. ఆదివారం మేమంతా ప్రార్థనకు బయల్దేరితే, దారిలో మమ్మల్ని ఆఫీసు గేటు దగ్గర నిలబెట్టి, లోపలికి పోయి డబ్బా చూసి, సున్నా రాసి వచ్చేవాడు. మబ్బు ముక్క లేని మే నెలలోనూ అంతే.

"ఎండ మండిపోతాంటే ఏం చూస్తావు, ఊరికే సున్నా పెట్టరాదా" అని అమ్మ విసుక్కునేది.

"పడలేదని రాసేకి కూడా చూడల్ల గదా" అనేవాడు.

మా అవ్వ చనిపోయిన రోజు శవం ఇంట్లో ఉండగానే ఎనిమిదిన్నరకు లేచి పోయి వచ్చాడు. బంధువులు ఆడిపోసుకున్నారు.

మేము కొట్టిన పుస్తకాలన్నీ ఆయనలాంటివాళ్లు రాసినవి కావు. ఒక పక్క మండలం పుస్తకంలో నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే ఊపున రాసిన అంకెలు ఉండేవి. అన్నీ ఐదులు, పదులు, పదిహేనులు. వాన ఎక్కడైనా అంత గుండ్రంగా పడుతుందా? ఆ మనిషి నెలాఖరున కూర్చుని ముప్పై రోజులూ పూరించేశాడని చూడగానే తెలుస్తుంది. కానీ అంకెలు స్పష్టంగా ఉన్నాయి, కొట్టివేతలు లేవు. నిబంధనల ప్రకారం అవి మంచి పుస్తకాలు. ఎక్కించేశాం.

అమ్మ పోయినప్పటి నుంచి నాయన నా దగ్గరే ఉంటున్నాడు. షుగరు వల్ల చూపు బాగా తగ్గింది. నేను ఈ పని చేస్తున్నానని తెలిసినప్పటి నుంచి, సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే మొదటి మాట అదే.

"ఈ పొద్దు ఏ ఊరు?"

నేను ఊరు చెబితే, అక్కడ కొలిచేవాడు ఎవరో, ఎలాంటివాడో ఆయన చెప్పేవాడు. కొందరితో ఆయనకు పరిచయం ఉంది. గుండ్రటి అంకెల మనిషి మాట చెప్పినప్పుడు నవ్వాడు.

"వాడా? వాడు పోయి పదేండ్లయింది. వాడికి ఆ డబ్బా యాడుండాదో కూడా తెలీదమ్మా. పాపం, వాని మీద పని కూడా జాస్తి ఉండె."

తర్వాత ఒకరోజు నాయన పుస్తకాలు వచ్చాయి. అట్టలు ఊడిపోయి, పురికొసతో కట్టి ఉన్నాయి. నీలం సిరాతో ముత్యాల్లాంటి అంకెలు. వివరం గడిలో చిన్న అక్షరాలు. 'రాళ్ల వాన. ప్రార్థన మందిరం రేకులు చిల్లులు.' 'ఊరికి తూర్పున మాత్రమే. పడమటి చేలు తడవలేదు.' 'నాలుగు చినుకులు. పదును కాలేదు.' పదును అంటే మా దగ్గర విత్తనం వేయడానికి సరిపడా నేల తడవడం. ఆ ఒక్క మాట కోసం ఊళ్లకు ఊళ్లు ఆకాశం చూస్తూ కూర్చుంటాయి.

ఆ రాతలన్నీ నేను ఫోన్లో ఫొటో తీసుకుని సాయంత్రం నాయనకు చదివి వినిపించేదాన్ని. మంచం మీద గోడకు ఆనుకుని వినేవాడు. ఒక్కో వాన ఆయనకు గుర్తుంది. ఏ వానకు ఎవరి మిద్దె కూలింది, ఏ వానకు వంక పొంగి బస్సు ఆగింది, అన్నీ చెప్పేవాడు. మా నాయన అంత మాట్లాడటం నేను చిన్నప్పుడు కూడా ఎరగను.

"ఇయన్నీ మిషన్ చదువుతాదా?" అని ఒకసారి అడిగాడు.

"అంకెలు చదువుతుంది నాయనా."

"పక్కన రాసిండేది?"

"అది వద్దన్నారు."

"పోనీలే, అంకెలన్నా చదవనీ. మన ఊరి వాన దిల్లీదాకా పోతాంది గదా" అన్నాడు.

అలా మూడు వారాలు గడిచాయి. పుస్తకాల వరసలో ఒక సంవత్సరం దగ్గరికొస్తున్నానని నాకు తెలుసు. తెలిసీ దాని గురించి ఆలోచించకుండా కొడుతూ పోయాను. చివరికి ఆ పేజీ వచ్చింది. సెప్టెంబరులో, ఉత్తర కార్తెలో ఒక రోజు. అంకె 6.2. వాన పడిన ప్రతి రోజూ ఏదో ఒకటి రాసే మనిషి, ఆ రోజు వివరం గడి ఖాళీగా వదిలేశాడు.

అది జరిగినప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ ఏడు విత్తనాల వానకు అందరూ శెనక్కాయ వేశారు. ఆ తర్వాత యాభై రోజులు చినుకు లేదు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగలేక చెట్లు నిలబడినచోటే మాడిపోయాయి. అంతా అయిపోయాక, పీకడానికి కూడా ఏమీ మిగలని చేలమీద ఒక రాత్రి కుండపోతగా పడింది. తెల్లవారగానే ముగ్గురు రైతులు మా ఇంటికి వచ్చారు.

వాళ్లు మా ఇంటికి రావడమే ఒక వింత. మాది ఊరి చివర, చర్చి పక్క ఇళ్లు. భూములున్నవాళ్లు మా గడప దాకా రారు. పనుంటే మనిషిని పంపుతారు. ఆ రోజు ముగ్గురూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అమ్మ నన్ను నీళ్లిమ్మంది. ఇద్దరు చెయ్యి అడ్డం పెట్టారు. మూడో ఆయన, కౌలుకు చేసుకునే మనిషి, చెంబు తీసుకుని గడగడా తాగేశాడు.

"ఏమప్పా, రాత్రి పడింది ఎంత?" అని అడిగాడు ముందున్న పెద్దమనిషి.

"ఇంకా చూడలేదు సామీ. ఎనిమిదిన్నరకు పోవల్ల."

"చూసేదేముంది, అరవై దాటింటాది. చూడు, పంట సచ్చినంక పడింది ఇది. దీంతో ఎవరికీ ఏమీ లేదు. కానీ నువ్వు కాగితం మీద పెడితే మన మండలానికి వాన సరిపోయిందంటారు. కరువు మండలమని రాయరు. గొడ్లకు గడ్డి రాదు, వచ్చే ఏటికి ఇత్తనం రాదు."

"పడింది పడినట్టు రాసేది గదా సామీ నా పని."

రెండో ఆయన గొంతు పెంచాడు. "నీకేమప్పా, జీతం వస్తాది."

అప్పుడు నీళ్లు తాగిన ఆయన చెంబు కింద పెట్టి మెల్లగా అన్నాడు. "నీకు చెప్పేంత వాణ్ని కాదన్నా. నా ఎద్దులు రెండూ మొన్నట్నుంచి ఎండిన కట్టె నములుతాండాయి. అమ్మితే కటికోడే కొంటాడు. ఇంక నీ ఇష్టం."

నాయన చొక్కా వేసుకుని ఆఫీసుకు పోయాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా అలాగే ఉన్నాడు. అమ్మ ఏమైందని అడిగింది.

"చుక్క జరిపినా" అన్నాడు.

"ఏం చుక్క?"

"అరవైరెండు పడింది. ఆరు పక్కన చుక్క పెట్టినా. ఆరు పాయింటు రెండయింది."

"మంచిదే గదా. నలుగురికి మేలు."

"మేలే. దేవుడు పోసిందాన్ని నేను పారబోసినట్టుండాది" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మా మండలం కరువు మండలాల్లో చేరింది. లారీల్లో గడ్డి వచ్చింది. పెద్దమనుషులిద్దరూ మళ్లీ మా వాకిట్లోకి రాలేదు. కౌలు ఆయన మాత్రం ఎదురైనప్పుడల్లా ఆగి నాయనను పలకరించేవాడు. నేను ఆయన్ను చిన్నాయనా అని పిలవడం అప్పటి నుంచే.

ఆ 6.2 ముందు కూర్చుని నేను ఆ రోజు ఇంకేమీ కొట్టలేదు. తలనొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశాను. నాయన ఎప్పటిలాగే ఏ ఊరు అని అడిగాడు. మన ఊరే అన్నాను. ఆ సంవత్సరం దాకా వచ్చానని చెప్పాను. ఆయనకు వెంటనే అర్థమైంది. చాలాసేపు మంచం కోడు నిమురుతూ కూర్చున్నాడు.

"అట్లనే కొట్టేసినావా?"

"లేదు. ఏం చేయమంటావు?"

"ఆ మేడమ్‌కు చెప్పు."

"ఎందుకు నాయనా? ఒక్క రోజు. ఎవరికీ తెలియదు. నీ పేరు పోతుంది."

"అటెండర్‌కు పేరేముందమ్మా" అని నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆ పొద్దు నేను రాసింది మనుషులు చదివేకి. చదివి గడ్డి పంపల్లని రాసినా. ఆ పని అయిపోయింది. ఇప్పుడు చదివేది మిషన్ అంటాండావు. దానికి ఎద్దుల సంగతి తెల్దు గదా. ఉత్తర కార్తెలో మన ఊర్లో పెద్ద వాన రాదని నేర్చుకుంటాది. రేపు ఎవరికో అదే చెప్తాది. చెప్పల్ల. నేను చెప్పినానని చెప్పు."

ఆయన మాటలో భయం లేదు. ఇరవై ఐదేళ్లుగా మోస్తున్నది దింపుకునే చోటు దొరికినట్టు ఉంది. మర్నాడు పొద్దున నేను సైంటిస్టుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది. మీ నాన్నగారు గొప్పవారక్కా అంది. రాతపూర్వకంగా కూడా పంపమంది. నాయన చెప్తుంటే నేను రాశాను. కింద ఆయన తడుముకుంటూ సంతకం పెట్టాడు. ఆ ఒక్క అంకెను దిద్దుతారని మేమిద్దరం అనుకున్నాం.

రెండు వారాల తర్వాత మెయిల్ వచ్చింది. మా మండలం పుస్తకాలు ఇక కొట్టవద్దని, కొట్టినవి వేరే ఫోల్డర్‌లో పెట్టమని. కారణం ఒక్క లైనులో ఉంది. కొలతలను మనిషి కావాలని మార్చినట్టు రుజువైనందున ఈ వర్షపాత కేంద్రాన్ని తొలగించడమైనది.

నేను మూడుసార్లు చదివాను. ఒక్క రోజును కాదు, మొత్తం కేంద్రాన్ని. నాయన రాసిన ఇరవై తొమ్మిదేళ్లను. సైంటిస్టుకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తగానే, "అక్కా, నేనే చేద్దామనుకుంటున్నాను" అంది. గొంతులో ఇబ్బంది తెలుస్తోంది.

"ఒక్క రోజేనమ్మా. ఆయనే చెప్పాడు కదా ఏ రోజో, అసలు ఎంతో."

"నాకు తెలుసక్కా. కానీ కమిటీ నియమం అది. మనిషి కావాలని మార్చినట్టు ఆధారం ఉంటే ఆ కేంద్రం పూర్తిగా తీసేయాలి. ఒక్క రోజా, వంద రోజులా అని అందులో లేదు. ఒకచోట ఉంచితే మొత్తం డేటాకే సర్టిఫికెట్ రాదంటారు."

"మరి మా మండలానికి ఏం చేస్తారు?"

"చుట్టూ ఉన్న నాలుగు కేంద్రాలు చూసి యంత్రమే అంచనా వేసుకుంటుంది."

"ఆ నాలుగింట్లో ఒకటి అన్నీ ఐదులు పదులు రాసిన ఆఫీసు. మేము కొట్టి పంపినవి చూశావు కదా నువ్వు."

"చూశానక్కా. కానీ అది తప్పని ఆధారం లేదు. రాసినాయన వచ్చి ఒప్పుకోవాలి."

"ఆయన చనిపోయాడు."

"అందుకే" అంది. ఆ తర్వాత, "నియమం నేను రాయలేదక్కా" అంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమె చేతిలో ఏమీ లేదు. దిల్లీలో ఒక బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాసుకున్నారు ఆ నియమాన్ని, అబద్ధాలు యంత్రంలోకి పోకూడదని. కానీ ఒప్పుకున్న అబద్ధం ఒక్కటే దానికి కనిపిస్తుంది. ఒప్పుకోనివన్నీ దర్జాగా లోపలికి నడిచి పోయాయి. నేనే నా చేతులతో కొట్టి పంపాను వాటిని.

నాయనకు వెంటనే చెప్పలేదు. వారం రోజులు ఆయన అడిగినప్పుడల్లా వేరే ఊళ్ల పేర్లు చెబుతూ వచ్చాను. ఎనిమిదో రోజు ఆయనే అడిగాడు. "మన ఊరి పుస్తకాలు ఇంకా పదేండ్లవి ఉండల్ల గదా? అప్పుడే అయిపోయినాయా?"

ఇంక దాచలేకపోయాను. అంతా చెప్పాను. చెబుతూ నేనే ఏడ్చాను. ఫోన్ చేసింది నేను. ఆయన చెప్పమన్నా, నేను ఆగి ఉండొచ్చు.

నా ఏడుపు తగ్గాక ఆయన అన్నాడు. "అయితే మన ఊరికి వాన ఎట్ల రాసుకుంటారు?"

"చుట్టుపక్కల నాలుగు ఊళ్లు చూసి ఊహించుకుంటుందంట."

"పక్కూర్లో పడితే మనూర్లో పడినట్టా?" అన్నాడు. "రోడ్డుకు ఆ పక్క పడి ఈ పక్క పడని వానలు ఎన్ని చూసినానమ్మా నేను. రాసినా గూడా."

రాశాడు. వివరం గడిలో.

ఆ ఆదివారం ప్రార్థన తర్వాత ఊరికి తీసుకుపొమ్మన్నాడు. పామిడి బస్సెక్కి వెళ్లాం. పెన్న ఎండిపోయి ఇసుక తెల్లగా మెరుస్తోంది. కౌలు చిన్నాయన ఇంటికి పోయాం. ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి, ఇంకా నాలుగెకరాలు కౌలుకు చేస్తూనే ఉన్నాడు. విషయమంతా విని తల పట్టుకున్నాడు.

"నా కోసం చేసినావన్నా అది. దానికి నీకు ఇట్ల చేసిరా?"

"నీ ఒక్కని కోసం కాదులే."

"యాడ సంతకం పెట్టల్లో చెప్పు. మేమే పోయి అడిగినామని, మిగిలిన దినాలన్నీ ఆయన రాసింది నిజమేనని నేను పెడతా. మిగిలిన ఇద్దరూ పోయినారు, నేనే ఉండేది."

ఆయన గడప దగ్గరే కూర్చుని ఒక కాగితం రాశాం. ఇద్దరూ సంతకాలు పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు నాయన మండలాఫీసు దగ్గర ఆగుదామన్నాడు. సెలవు కాబట్టి గేటు వేసి ఉంది. ఆయన కొలిచిన డబ్బా ఎప్పుడో తీసేశారు. ఆ స్థలంలో ఒక ఇనుప స్తంభం, దాని మీద సోలార్ పలక, తెల్లటి పెట్టె. మనిషి అవసరం లేకుండా అదే కొలిచి అదే పంపుతుంది. నాయనకు అది సరిగా కనిపించలేదు. నేను చెబితే విన్నాడు. గేటు కమ్మీలు పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత, "పదమ్మా, బస్సు పోతాది" అన్నాడు.

ఆ కాగితాన్ని నేను సైంటిస్టుకు పంపాను. అందింది, కమిటీ ముందు పెడతాం అని జవాబు వచ్చింది. ఆమె నిజంగానే పెట్టి ఉంటుంది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. నెల తర్వాత అడిగితే సమావేశం వాయిదా పడిందంది. ఇంకో రెండు నెలలకు అడిగితే ఆమెను వేరే ప్రాజెక్టులోకి మార్చారని తెలిసింది. కొత్తగా వచ్చినాయనకు ఇంగ్లీషులో మళ్లీ మొదటి నుంచి రాశాను. జవాబు లేదు.

నాయన నాతో ఎప్పటిలానే ఉన్నాడు. అన్నం తిన్నాడు, రేడియో విన్నాడు, మా పిల్లల చదువులు అడిగాడు. కానీ సాయంత్రం ఏ ఊరు అని అడగడం మానేశాడు. అంతకన్నా నాకు కష్టంగా తోచింది ఇంకొకటి. పొద్దున్నే లేవగానే, చూపు లేకపోయినా వాకిట్లోకి వచ్చి గాలి పీల్చి, మోడం పట్టిందా, మబ్బేసిందా అని అడగడం ఆయనకు జీవితమంతా అలవాటు. అది కూడా ఆగిపోయింది. ఒకరోజు పొద్దున చిన్న జల్లు పడుతుంటే నేనే చెప్పాను. "నాయనా, వాన."

"పడనీలే" అన్నాడు, దుప్పటి లాక్కుంటూ.

ఆ చలికాలంలోనే క్రిస్మస్‌కు పది రోజులుందనగా జ్వరం వచ్చి, ఆసుపత్రిలో నాలుగు రోజులుండి పోయాడు. వయసైపోయింది, షుగరుంది, డాక్టర్లు చెప్పిన కారణాలు అవే. నేను ఇంకో కారణం వెతకను. కానీ ఆ ఫోన్ చేయకపోయి ఉంటే ఆ చివరి నెలలు ఇంకోలా ఉండేవని మాత్రం నాకు తెలుసు. రోజుకు రెండు వానలు చదివి వినిపిస్తూ ఉండేదాన్ని. చెప్పమన్నది ఆయనే అని నాకు నేను చెప్పుకుంటాను. ఒక్కోరోజు అది సరిపోతుంది, ఒక్కోరోజు సరిపోదు. ఊరి చర్చి వెనక అమ్మ పక్కనే పూడ్చాం. కౌలు చిన్నాయన వచ్చి మూడు పిడికిళ్ల మట్టి వేశాడు.

మరుసటి జూన్‌లో ఆ యంత్రం మాట్లాడటం మొదలుపెట్టింది. రైతుల ఫోన్లకు తెలుగులో సందేశాలు వచ్చాయి, మండలం పేరుతో సహా. ఒకరోజు మధ్యాహ్నం నేను సెంటర్లో ఉండగా చిన్నాయన ఫోన్ చేశాడు.

"ఏం పాపా, బాగుండావా? నిన్నొకటి అడగల్ల. ఫోన్లో వచ్చింది, వారంలో మన మండలంలో ఇత్తనానికి పదునవుతాదని. ముందుగా ఎండు నేలలోనే ఏసుకుంటే వానకు లేస్తాది గదా. నువ్వు ఆ పని చేసినావు గదా. నమ్మేకైతాదా దీన్ని?"

మా మండలం గురించి ఆ యంత్రానికి ఏం తెలుసో, ఏం తెలియదో, ఆయనకు చెప్పగలిగేది నేనొక్కదాన్నే. అయినా అది చెప్పింది తప్పని కూడా నేను చెప్పలేను. నాయన అంకెలు లోపల ఉన్నా అది ఇదే మాట చెప్పేదేమో. ఎలా తెలుస్తుంది?

"నాకు తెలీదు చిన్నాయనా" అన్నాను. "మన మండలం పుస్తకాలు దాంట్లో లేవు. చుట్టుపక్కల ఊళ్లను చూసి చెప్తాంది. కొంచెం ఆగి చూస్తే మంచిదేమో."

"ఆగితే అదను పోతాది గదా పాపా" అన్నాడు. నన్ను తప్పుపట్టడం లేదు, తనలో తాను లెక్క వేసుకుంటున్నాడు. "సరేలే, చూస్తా."

ఆయన వేశాడు. అయిదో రోజు వాన వచ్చింది. పడమటి మండలంలో వంకలు పారాయి. మా ఊళ్లో దుమ్ము అణిగేంత పడి ఆగిపోయింది. ఆ తడికి గింజలు ఉబ్బి, మొలక బయటికి రాకుండానే నేలలో కుళ్లిపోయాయి. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. ఊరి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

ఆగస్టు చివర్లో నాయన సమాధికి పలక వేయించడానికి ఊరికి పోయాను. చర్చి వెనక నుంచి చూస్తే చిన్నాయన కౌలు చేను కనిపిస్తుంది. ఆయన చేలోనే ఉన్నాడు. నన్ను చూసి గట్టు మీదికి వచ్చాడు. చేతికి మట్టి, భుజాన గోతం. విత్తనం పోయిందటగా అని అడగబోయి ఆగిపోయాను. ఆయనే చెప్పాడు.

"శెనక్కాయ అయిపోయింది పాపా ఈ ఏటికి. నిన్న ఒక మాదిరిగా పడింది. ఉలవలు చల్లుతాండా. గొడ్లకన్నా అవుతాది."

"ఫోన్లో ఏమన్నా చెప్పిందా?"

"చూడలేదు" అన్నాడు. గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు ఉలవలు తీసుకుని, ఎర్రటి చాలులోకి తిరిగి నడిచాడు.